లండనులో రెండు దినములు: చేతిపంపు నుండి నది కరకట్ట వరకు

లండను నగరమునకు ఏదో పనిమీద పోయి, రెండు దినములు మాత్రమే తీరిక దొరికినవారికి అక్కడి స్నేహితులు ఒక జాబితా చెప్పుచుందురు. పార్లమెంటు భవనము, వెస్ట్‌మినిస్టర్ ఆబీ, టవరు, బ్రిటిష్ మ్యూజియము, రాజప్రాసాదము - ఇవి ఆ జాబితాలో తప్పక ఉండును. ఇవన్నియు చూడదగినవే. కాని ఆ జాబితాలో ఎన్నడును చేరని గొప్ప కట్టడము ఒకటి ఆ నగరమున కలదు. దాని పొడవు 130 కిలోమీటర్లకు పైమాటే. దానికి పట్టిన ఇటుకలు 31 కోట్ల 80 లక్షలని లెక్క. పార్లమెంటు ప్రక్కన నదీతీరమున నిలిచి చుట్టును చూచు యాత్రికుని పాదముల క్రిందుగనే అది పోవుచున్నది. అయినను అతడు దానిని చూడడు.

ఆ కట్టడము లండను నగరపు భూగర్భ మురుగుకాలువ. మురుగుకాలువను చూడబోవుట కూడ ఒక విహారయాత్రయేనా అని పాఠకులు నవ్వవచ్చును. కాని ఆ నగరమున లక్షలాది జనులు కలరా వాతబడక బ్రతికి బట్టకట్టుటకు ముఖ్యకారణములలో అది ఒకటి. అంతకంటె విచిత్రమేమనగా, దానిని కట్టించిన పెద్దలు ఒక తప్పుడు సిద్ధాంతమును నమ్మి కట్టించిరి. నిజము కనుగొన్న వైద్యుని మాటను అప్పటికి చెవినిబెట్టినవారు బహు కొద్దిమంది. ఈ చరిత్ర జరిగిన చోటులు నేటికిని ఉన్నవి. కొంత కాలినడకన, కొంత రైలుమీద తిరిగినచో రెండు దినములలో వానిని చూడవచ్చును.

పోటు వచ్చు నది

మొదటి దినము ఉదయము వెస్ట్‌మినిస్టర్ వంతెనమీద యాత్ర ప్రారంభించుట మంచిది. వంతెన కొనన పార్లమెంటు భవనమును, గడియార స్తంభమును కనబడును. పాత భవనము 1834 లో కాలిపోగా, చార్లెస్ బారీ రూపకల్పనతో లేచిన క్రొత్త భవనమిది. క్రింద పారునది థేమ్సు నది.

వంతెనమీద కొంతసేపు నిలిచి నీటిని గమనించినచో ఒక విశేషము తెలియును. సముద్రమువైపు పారుచున్న నది కొన్ని గంటలు గడచునప్పటికి వెనుకకు మరలి ఎగువకు పారజొచ్చును. సముద్రపు ఆటుపోట్లు ఈ నదిలో లండనును దాటి టెడ్డింగ్టన్ అను ఊరి వరకు వచ్చుటయే దీనికి కారణము. పోటుకును పాటుకును మధ్య నీటిమట్టము ఐదారు మీటర్లు మారుటయు కలదు. కావున ఈ నదిలో పడవేసిన వస్తువు తిన్నగా సముద్రమునకు పోదు. పాటుతో క్రిందికి పోయి, పోటుతో మరల నగరము నడుమకు వచ్చును. మన కథలో ఇది ముఖ్యమైన సంగతి.

1801 లో సుమారు 10 లక్షలుగా ఉన్న లండను జనాభా 1851 నాటికి 23 లక్షలు దాటెను. అంతకు పూర్వము ఇంటింటి క్రిందను మలపు గోతులుండెడివి. రాత్రివేళ కూలివాండ్రు వానిని ఎత్తి బండ్లపై ఊరిబయటి పొలములకు ఎరువుగా తీసికొనిపోయెడివారు. నగరము పెరిగిన కొలది పొలములు దూరమయ్యెను, కూలి ఎక్కువయ్యెను, గోతులు నిండిపోయెను. దీనికి తోడు నీరుపోసి శుభ్రపరచు మరుగుదొడ్లు వాడుకలోనికి వచ్చుటచే గోతులు మరింత వేగముగ పొరలిపోజొచ్చెను.

రోగములకు కారణము దుర్వాయువు అని ఆనాటి వైద్యులలోను, అధికారులలోను పెక్కుమంది నమ్మిరి. కుళ్ళిన పదార్థముల నుండి లేచిన చెడుగాలిని పీల్చుటవలననే కలరా వచ్చునని వారి సిద్ధాంతము. పేదల పారిశుద్ధ్యమును గురించి 1842 లో ప్రసిద్ధమైన నివేదికను వెలువరించిన ఎడ్విన్ చాడ్విక్ ఈ సిద్ధాంతమును గట్టిగా పట్టుకొన్నవారిలో ఒకడు. పేదల బాధలను చూచి నిజముగా చలించిన మనిషి అతడు. 1848 నుండి అతడును, అతని సహచరులును ఇండ్ల క్రింది గోతులను మూయించి, మలినమునంతను కాలువలద్వారా నదిలోనికి పంపించు పనికి పూనుకొనిరి. సుమారు ఆరేండ్లలో 30,000 గోతులు మూతబడెనని తరువాతి కాలపు ఇంజనీరు ఒకడు లెక్క చెప్పెను. ఇండ్లలో కంపు తగ్గెను. కాని అదే నది నుండి నీటి కంపెనీలు నీరు తోడి జనులకు అమ్ముచుండెను. అనగా ముక్కునకు దూరమైన మలినము నోటికి దగ్గరయ్యెను. 1848-49 కలరాలో ఒక్క లండనులోనే సుమారు 14,000 మంది మరణించిరి.

బ్రాడ్ వీధి పంపు

వంతెన నుండి అరగంటకు పైగా ఉత్తరముగా నడచినచో సోహో అను పేట వచ్చును. ఇపుడు అక్కడ నాటకశాలలు, భోజనశాలలు కిటకిటలాడుచుండును. ఆ పేటలో బ్రాడ్విక్ వీధి అని ఒకటి కలదు. 1936 వరకు దాని పేరు బ్రాడ్ వీధి. అక్కడ ఒక చేతిపంపు నమూనా నిలిపియున్నారు. దానికి పిడి లేదు. ఆ లోపమే దాని చరిత్ర.

1854 ఆగస్టు 31 రాత్రి ఈ పేటలో కలరా ఒక్కమారుగా విరుచుకుపడెను. మూడు దినములలో 127 మంది చనిపోయిరి. పది దినములలో మృతుల సంఖ్య 500 కు చేరెను. చివరకు 616 అయ్యెను. బ్రతికినవారు ఇండ్లు వదలి పారిపోవుటచే వీధులు పాడుపడెను.

ఆ సమీపముననే జాన్ స్నో అను వైద్యుడు నివసించుచుండెను. అతడు 1813 లో యార్కు పట్టణమున ఒక కూలివాని ఇంట పుట్టెను. స్వయంకృషితో వైద్యుడై, మత్తుమందు నిచ్చు విద్యలో దేశమున మొదటివారిలో ఒకడయ్యెను. 1853 లో విక్టోరియా రాణి ప్రసవించినప్పుడు ఆమెకు క్లోరోఫారము ఇచ్చినవాడు ఇతడే. వాయువులు గాలిలో ఎట్లు వ్యాపించునో, దూరము పోయిన కొలది ఎట్లు పలుచనగునో అతనికి తెలిసినంతగా దుర్వాయువాదులకు తెలియదు. అతడు చాల సులభమైన ప్రశ్న నొకదానిని వేసికొనెను. కలరా గాలిద్వారా వచ్చునదియైనచో మొదట ఊపిరితిత్తులు గదా చెడవలెను? కాని ఈ రోగము ప్రేగులలో ప్రారంభమగుచున్నది. కావున రోగకారకము నోటిద్వారానే పోవుచుండవలెను. రోగి మలము కలిసిన నీరే దానికి మార్గము. ఈ వాదమును అతడు 1849 లోనే ఒక చిన్న పుస్తకముగ ప్రకటించెను. దానిని పెద్దగా ఎవరును అంగీకరించలేదు.

ఇప్పుడు ఇంటిప్రక్కననే పరీక్షకు అవకాశము వచ్చెను. స్నో మృతుల జాబితా తీసికొని ఇల్లిల్లు తిరిగెను. చనిపోయినవారిలో అత్యధికులు బ్రాడ్ వీధి పంపునకు దగ్గరగా నివసించువారు. అయితే దగ్గరగా ఉండియు బ్రతికినవారున్నారు, దూరముగా ఉండియు చనిపోయినవారున్నారు. వారెందుకు బ్రతికిరి, వీరెందుకు చనిపోయిరి? శాస్త్రజ్ఞుని చూపు ఇచ్చటనే తెలియుచున్నది.

పంపునకు చేరువనే 535 మంది ఉన్న బీదల ఆశ్రయము ఒకటి యుండెను. అందు ఐదుగురు మాత్రమే చనిపోయిరి. ఆ ఆవరణలోనే వారికి వేరుబావి కలదు. అదే వీధిలోని బీరు కార్ఖానాలో 70 మందికి పైగా పనివారుండగా ఒక్కరును కలరాతో చనిపోలేదు. వారు బీరు త్రాగెడివారు, కార్ఖానాలోనే బావియు కలదు. ఇక దూరమున నున్న హాంప్‌స్టెడ్ పేటలో ఒక వృద్ధ వితంతువు కలరాతో మరణించెను. ఆ పేటలో మరెవ్వరికిని కలరా లేదు. విచారింపగా, ఆమె పూర్వము బ్రాడ్ వీధిలో నివసించినదనియు, ఆ నీటి రుచి మరువలేక ప్రతిదినము బండిమీద ఒక సీసా తెప్పించుకొని త్రాగుచున్నదనియు తెలిసెను. ఆమెను చూడవచ్చిన మేనకోడలు ఆ నీరు త్రాగి ఇస్లింగ్టనులోని తన ఇంటికి పోయి చనిపోయెను. గాలి ఇంత దూరము వచ్చి ఈ ఇద్దరినే వెదకి పట్టుకొనినదనుట ఎట్లు?

సెప్టెంబరు 7 సాయంకాలము స్నో ఆ పేట పాలకసంఘము ఎదుట తన సాక్ష్యమును చెప్పెను. సభ్యులకు నమ్మకము కలుగకపోయినను, మరునాడు పంపు పిడిని తీయించివేసిరి. దానితో కలరా ఆగిపోయెనని పలుచోట్ల వ్రాయుదురు గాని అది పూర్తిగా నిజము కాదు. జనులు పారిపోవుటచే అప్పటికే రోగము తగ్గుముఖము పట్టినదని స్నోయే ఒప్పుకొనెను.

అయినను పిడి తీయుట వృథా కాలేదు. దీనిని ఋజువు చేసినవాడు హెన్రీ వైట్‌హెడ్ అను యువ మతగురువు. తన పేటవారిని ప్రతి ఇంటను ఎరిగిన ఇతడు స్నో వాదము తప్పని చూపుటకే విచారణ ప్రారంభించి, చివరకు అదే సరియని తేల్చెను. బ్రాడ్ వీధి 40 వ నంబరు ఇంట ఒక పసిబిడ్డ ఆగస్టు 28 న వాంతిభేదులతో జబ్బుపడి సెప్టెంబరు 2 న చనిపోయెను. ఆ బిడ్డ గుడ్డలు ఉతికిన నీటిని తల్లి ఇంటి క్రింది గోతిలో పోసెను. త్రవ్వి చూడగా, ఆ గోతికిని పంపు బావికిని మధ్య దూరము మూడడుగులు కూడ లేదు, నడుమనున్న ఇటుకలు శిథిలమై యుండెను. సరిగా పిడి తీసిన సెప్టెంబరు 8 వ తేదీననే ఆ బిడ్డ తండ్రికి కలరా సోకెను. కొన్ని దినములకు అతడును చనిపోయెను. అతని మలినము కూడ అదే గోతిలో పడుచుండగా పంపు ఆడుచుండినచో ఎంతమంది చనిపోయెడివారో ఊహించుకొనవలసినదే.

పంపు ప్రక్కనున్న మద్యశాలకు ఇప్పుడు జాన్ స్నో పేరు పెట్టియున్నారు. యౌవనముననే మద్యము విడనాడి మద్యనిషేధ సంఘమున చేరిన మనిషికి ఇది ఒక వింత గౌరవము.

రెండు కంపెనీల నీరు

బ్రాడ్ వీధి కథ కంటె బలమైన సాక్ష్యమును స్నో నదికి దక్షిణపు పేటలలో సంపాదించెను. అక్కడ సౌత్‌వర్క్-వాక్స్‌హాల్ కంపెనీ, లాంబెత్ కంపెనీ అను రెండు సంస్థలు పోటీపడి నీరు అమ్ముచుండెను. ఒకే వీధిలో ఒక ఇంటికి ఒక కంపెనీ నీరు, ప్రక్క ఇంటికి మరియొక కంపెనీ నీరు. ఇరువురును పీల్చునది ఒకే గాలి. లాంబెత్ కంపెనీ 1852 లో తన నీటిని తోడు చోటును మురుగు చేరని ఎగువకు, అనగా పోటునీరు రాని తావునకు మార్చెను. రెండవ కంపెనీ మాత్రము నగరము నడుమనే తోడుచుండెను.

1854 కలరాలో మొదటి ఏడు వారముల లెక్క ఇది. సౌత్‌వర్క్-వాక్స్‌హాల్ నీరు పోవు 40,046 ఇండ్లలో 1,263 మరణములు. లాంబెత్ నీరు పోవు 26,107 ఇండ్లలో 98 మరణములు. ప్రతి 10,000 ఇండ్లకు లెక్కగట్టినచో మొదటిదానిలో 315, రెండవదానిలో 37. ఒకే వీధి, ఒకే గాలి, ఒకే విధమైన జనులు. భేదమెల్ల కుళాయి నీటిలోనే. మూడు లక్షల జనులమీద, వారెరుగకుండ, ప్రకృతియే చేసి చూపిన ప్రయోగమిది. స్నో చేసినదల్లా ఇల్లిల్లు తిరిగి ఏ ఇంటికి ఏ కంపెనీ నీరు వచ్చుచున్నదో అడిగి వ్రాసికొనుట. నేడు వైద్యవిద్యార్థులు వ్యాధివ్యాప్తి శాస్త్రమును ఈ పట్టికతోనే ప్రారంభింతురు. కాని ప్రభుత్వపు ఆరోగ్యసంఘము ఆనాడు దీనినంతను పరిశీలించి, అంగీకరించుటకు తగిన ఆధారము లేదని త్రోసివేసెను.

1858 వేసవి

మధ్యాహ్నమునకు సోహో నుండి మరల నదివైపు దిగిరావలెను. పార్లమెంటు భవనమును ఈసారి వేరు కన్నుతో చూడవచ్చును.

1855 జూలైలో ప్రసిద్ధ భౌతికశాస్త్రజ్ఞుడు మైకేల్ ఫారడే థేమ్సు నదిపై పడవలో పోవుచు తెల్లని కాగితపు అట్టముక్కలను నీటిలో వేసి చూచెను. అవి అంగుళమైనను మునుగకముందే మురికిలో కనబడకపోయెను. ఈ సంగతిని అతడు పత్రికకు లేఖగా వ్రాసి హెచ్చరించెను. మూడేండ్లు ఎవరును కదలలేదు. మురుగును ఎక్కడికి త్రోలవలెను, డబ్బు ఎవరు పెట్టవలెను అను వివాదముతోనే కాలము గడచెను.

1858 జూన్ నెలలో ఎండలు మండిపోయెను. నది ఉడికి లేచిన దుర్గంధము నదిని ఆనుకొని యున్న పార్లమెంటు భవనములోనికి చొచ్చుకొని వచ్చెను. కిటికీ తెరలను సున్నపు క్లోరైడులో తడిపి వ్రేలాడదీసినను ప్రయోజనము లేకపోయెను. సభ్యులు చేతిరుమాళ్ళు ముక్కులకు అడ్డుపెట్టుకొని గదులు వదలి పోవలసివచ్చెను. చరిత్రకారులు దీనిని మహా దుర్గంధము అందురు. వేలాది పేదల మరణములు చేయలేని పనిని ఆ కంపు కొలది వారములలో చేసెను. నూతన మురుగుకాలువలకు 30 లక్షల పౌండ్ల అప్పు తెచ్చుకొనుటకు వీలుకలిగించు శాసనము ఆగస్టు 2 న ఆమోదము పొందెను.

జాన్ స్నో దీనిని చూడలేదు. జూన్ 10 న అతనికి పక్షవాతము వచ్చెను. 16 న, 45 వ ఏట, మరణించెను. లాన్సెట్ అను వైద్యపత్రిక అతని మరణమును రెండు మాటలలో ప్రకటించెను. అందు క్లోరోఫారము ప్రసక్తి ఉన్నది గాని కలరా పేరే లేదు. ఆ పత్రిక ఈ పొరపాటును సవరించుకొనినది 2013 లో, అనగా 155 ఏండ్ల తరువాత.

నదిని వెనుకకు నెట్టిన కరకట్ట

శాసనము వచ్చిన వెంటనే పని ప్రారంభించినవాడు జోసఫ్ బాజల్జెట్. 1819 లో పుట్టిన ఈ ఇంజనీరు నగర నిర్మాణమండలికి ప్రధాన ఇంజనీరుగా ఉండెను. అతని పథకము చెప్పుటకు సులభము, కట్టుటకు కష్టము. పాత కాలువలన్నియు ఉత్తర దక్షిణములుగా నదిలోనికి దిగుచుండెను. వానికి అడ్డముగా, నదికి సమాంతరముగా, పడమటినుండి తూర్పునకు పెద్ద కాలువలు త్రవ్వి, మురుగు నదిని చేరకముందే పట్టుకొని నగరము దాటించి దిగువకు తీసికొనిపోవుట ఆ పథకము. ఉత్తరపు ఒడ్డున ఇట్టివి ఒకదానికంటె ఒకటి పల్లమున మూడు కట్టిరి. మైలుకు రెండడుగుల వాలు పెట్టిరి. కాలువ అడ్డుకోత కోడిగ్రుడ్డును మొన క్రిందుగా నిలిపినట్లుండును. నీరు తక్కువగా ఉన్నప్పుడు కూడ ఇరుకైన అడుగున వేగముగ పారి మడ్డిని ఈడ్చుకొనిపోవుటకే ఆ ఆకారము. అప్పటికి క్రొత్తదైన పోర్ట్‌లాండ్ సిమెంటును అతడు ధైర్యముగ వాడెను. వచ్చిన సిమెంటును కఠినమైన పరీక్షలకు గురిచేసి, ఆగిన దానినే తీసికొనెను.

వెస్ట్‌మినిస్టర్ వంతెన నుండి బ్లాక్‌ఫ్రయర్స్ వంతెనవరకు నడచు విక్టోరియా కరకట్ట ఈ పనిలో భాగమే. 1870 జూలైలో దీనిని ప్రారంభించిరి. పైన చెట్లు, దీపస్తంభములు, విశాలమైన రోడ్డు కనబడును. లోపల మురుగుకాలువయు, దాని ప్రక్క భూగర్భ రైలు సొరంగమును, గొట్టములు పోవుటకు మరియొక దారియు ఉన్నవి. ఈ నేల అంతయు నది నుండి గెలుచుకొన్నదే. దీనికి సాక్ష్యము కావలెనన్నచో కరకట్ట వెంబడినున్న తోటలోనికి పోవలెను. అక్కడ యార్కు జలద్వారము అను రాతి తోరణము ఒకటి కలదు. 1626 ప్రాంతమున ఒక ప్రభువు తన మేడనుండి పడవ ఎక్కుటకు దీనిని నీటి అంచున కట్టించెను. నేడు దాని ఎదుట నీరు లేదు, పచ్చిక ఉన్నది. నది దానికి 130 మీటర్లకు పైగా దూరమున ఉన్నది. కరకట్ట నదిని ఎంత వెనుకకు నెట్టినదో ఈ తోరణము వద్ద నిలిచినచో ఒక్క చూపులో తెలియును.

సమీపముననే కరకట్ట గోడకు బాజల్జెట్ శిల్పము అమర్చియున్నారు. అతడు నదికి సంకెళ్ళు వేసెనని దానిమీద లాటిన్ భాషలో చెక్కిరి. త్రోవన పోవువారిలో ఆగి చూచువారు తక్కువ.

క్రాస్‌నెస్ యంత్రములు

రెండవ దినము రైలుమీద తూర్పుగా ఆబీవుడ్ స్టేషను వరకు పోయి, అక్కడినుండి నదివైపు వెళ్ళినచో క్రాస్‌నెస్ అను చోట పాత పంపింగు స్టేషను కనబడును. దీనిని సందర్శకులకు కొన్ని దినములలో మాత్రమే తెరతురు గనుక ముందుగా విచారించుకొని పోవలెను. కాలువలు వాలుగా దిగిదిగి ఇక్కడికి చేరునప్పటికి నదికంటె చాల పల్లమైపోవును. కావున మురుగును పైకెత్తుటకు నాలుగు పెద్ద ఆవిరియంత్రములు పెట్టిరి. వానికి విక్టోరియా రాణి, ఆమె భర్త, కుమారుడు, కోడలు - ఈ నలుగురి పేర్లు పెట్టిరి. 1865 ఏప్రిల్ 4 న యువరాజు వచ్చి ప్రారంభించెను. ఒక్కొక్క యంత్రపు దూలము బరువు 47 టన్నులు. లోపలి ఇనుప స్తంభములు, లతలు, పూవులు, రంగులు చూచినవారికి ఇది దేవాలయమేమో అనిపించును. ఇచ్చటి ఉత్సాహవంతులు ఏండ్ల తరబడి శ్రమించి ఒక యంత్రమును 2003 లో మరల నడిపించిరి.

పైకెత్తిన మురుగును జలాశయములో నిలువచేసి, పోటు వెనుకకు తిరుగు సమయము చూచి నదిలోనికి విడిచెడివారు. పాటునీరు దానిని సముద్రమువైపు ఈడ్చుకొనిపోవును. వంతెనమీద మనము గమనించిన ఆటుపోట్ల లెక్క ఇక్కడ ఇంజనీరునకు అక్కరకు వచ్చెను.

ఈ కట్టడమునకు కారణము దుర్గంధ భయము. వాసనను ఊరు దాటించినచో రోగము దాటిపోవునని కట్టించినవారి నమ్మకము. నమ్మకము తప్పు. కాని వాసనతోపాటు మలినము త్రాగునీటికి దూరమయ్యెను గనుక ఫలితము కలిగెను. ఇచ్చట పాఠకులు ఒక సంగతి గమనించవలెను. 1848 లో గోతులను నదిలోనికి త్రిప్పించినదియు ఈ దుర్వాయు సిద్ధాంతమే. పదేండ్ల తరువాత నదిని కాపాడినదియు అదియే. ఒకసారి వేలమందిని చంపిన నమ్మకము మరియొకసారి లక్షలమందిని బ్రతికించెను. తప్పుడు సిద్ధాంతముతో మేలు కలుగవచ్చును, కాని అది ఎప్పుడు కలుగునో, ఎప్పుడు కలుగదో సిద్ధాంతము చెప్పజాలదు.

దానికి పరీక్ష వెంటనే వచ్చెను. 1866 లో లండనులో మరల కలరా చెలరేగి 5,500 మందికి పైగా చనిపోయిరి. దాదాపు అందరును తూర్పు పేటలవారే. ఆ పేటల కాలువలు ఇంకను పూర్తికాలేదు. మృతుల లెక్కలు చూచు విలియం ఫార్ ఒకప్పుడు దుర్వాయువాది. ఇతడు ఈసారి స్నో పద్ధతిలో నీటి కంపెనీల పటమును ముందుపెట్టుకొని చూచెను. మరణములు తూర్పు లండను కంపెనీ నీరు పోవు ఇండ్లలోనే గుమిగూడియుండెను. వడపోయని నీటిని ఒక్క చుక్కయు పంపలేదని కంపెనీ ఇంజనీరు పత్రికకు వ్రాసెను. కాని తమ నీటి గొట్టములలో ఈల్ చేపలు దొరికినవని ఇద్దరు గృహస్థులు చూపించిరి. వడపోసిన నీటిలో చేప ఎట్లు వచ్చును? మూతలేని చెరువునుండి నీరు విడిచినట్లు తేలిపోయెను. ఆ తరువాత లండనులో కలరా మరల చెలరేగలేదు.

క్రాస్‌నెస్ ఒడ్డున నిలిచినప్పుడు మరియొక విషయము కూడ మరువరాదు. నగరము దాటించిన మురుగు మాయమైపోలేదు. 1878 సెప్టెంబరు 3 న ప్రిన్సెస్ ఆలిస్ అను ప్రయాణికుల పడవ ఈ ప్రాంతముననే వేరొక ఓడను ఢీకొని మునిగెను. 600 మందికి పైగా చనిపోయిరి. అప్పుడే విడిచిన మురుగునీటిలో వారు పడుటచే మరణములు ఇంకను పెరిగినవని జనులు ఘోషించిరి. ఆ తరువాతనే మురుగులోని మడ్డిని వేరుచేసి ఓడలమీద సముద్రమునకు పంపు పద్ధతి 1887 లో వచ్చెను. ఆ పద్ధతి 1998 వరకు సాగెను.

కెప్పెల్ వీధి గోడ

తిరుగు రైలులో వచ్చి, సాయంకాలము బ్రిటిష్ మ్యూజియము వెనుకనున్న కెప్పెల్ వీధికి పోవచ్చును. అక్కడ ఆరోగ్య, ఉష్ణమండల వైద్యశాస్త్రముల విద్యాలయ భవనము కలదు. 1929 లో తెరచిన ఈ భవనపు గోడమీద ప్రజారోగ్యమునకు సేవచేసినవారి పేర్లు చెక్కియున్నారు. వానిలో చాడ్విక్ పేరు కలదు, ఫార్ పేరు కలదు. కోఖ్ పేరు కలదు. 1884 లో కలకత్తాలో కలరా సూక్ష్మజీవిని రోగుల ప్రేగులనుండి వేరుచేసి పెంచి, స్నో ఊహించిన రోగకారకమును లోకమునకు చూపినవాడు ఈ రాబర్ట్ కోఖ్. ఆ జీవి విడుచు విషమే రోగమునకు మూలమని 1959 లో కలకత్తాలోనే శంభునాథ్ దే నిరూపించెను. రోనాల్డ్ రాస్ పేరు కూడ ఆ గోడమీద ఉన్నది. దోమ కడుపులో మలేరియా పరాన్నజీవిని అతడు 1897 ఆగస్టు 20 న కనుగొనినది మన సికింద్రాబాదులో.

బాజల్జెట్ కాలువలు నేటికిని పనిచేయుచున్నవి. కాని అతడు కట్టినప్పటికంటె నగర జనాభా మూడు రెట్లయి 90 లక్షలకు చేరెను. గట్టివాన పడినప్పుడు కాలువలు నిండి మురుగు మరల నదిలోనికి పొరలుచుండెను. దీనిని అరికట్టుటకు నదిగర్భము క్రిందుగా 25 కిలోమీటర్ల పొడవు, 7 మీటర్లకు పైగా వ్యాసము గల క్రొత్త సొరంగమును త్రవ్వి 2025 లో పూర్తిగా కలిపిరి. 1957 లో జీవరహితమని శాస్త్రజ్ఞులు ప్రకటించిన నదిలో ఇపుడు నూటికి పైగా జాతుల చేపలున్నవి.

స్నో పేరిట ఏర్పడిన సంఘమువారు ఏటేట సెప్టెంబరులో ఒక ఉపన్యాసము ఏర్పాటు చేయుదురు. ఆ సభలో ఒక పంపు పిడిని లాంఛనముగా ఊడదీసి, మరల బిగింతురు. పిడి తీయవలసిన పంపులు లోకమున ఇంకను ఉన్నవని దాని అర్థము. యెమెన్ దేశమున 2016 తరువాత పది లక్షలకు మించి జనులకు కలరా సోకినట్లు అనుమానించిరి. రోగమునకు కారణము తెలియక కాదు, త్రాగుటకు మంచినీరు లేక. లండనులో రెండు దినములే దొరికినవారు మేడలలో ఒకదానిని మానుకొని ఆ చిన్న వీధికి పోయి పిడి లేని పంపును చూచి రావలెనని మా మనవి.